కనబడని పులిని లెక్కలోకి తేవడం

2023 ఏప్రిల్‌లో మన దేశంలో పులులు కనీసం 3,167 అని ప్రకటించారు. అదే ఏడాది జూలై వచ్చేసరికి ఆ అంకె 3,682 అయింది. మూడు నెలల్లో ఐదొందల పులులు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయని చాలామంది అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. మొదటిది కెమెరాలు పెట్టిన అడవుల వరకే వేసిన అంచనా. రెండోది కెమెరాలు పెట్టకపోయినా పులి జాడలున్న అడవుల్ని కూడా కలుపుకుని వేసిన అంచనాలో సగటు. దాని పై హద్దు 3,925. నిజంగా కెమెరా ముందుకొచ్చి, చారల్ని బట్టి దేనికది వేరని తేలినవి మాత్రం 3,080. అంటే సగటు అంకెలో సుమారు ఆరొందల పులులు ఏ ఫొటోలోనూ లేవు. ఆ ఆరొందల్ని లెక్కలోకి తేవడమే వన్యప్రాణి జీవశాస్త్రవేత్త పనిలో అసలు భాగం.

ఈ వృత్తి అనగానే మెడలో బైనాక్యులర్, జీపు, పులి వెనకాల పరుగు గుర్తొస్తాయి. అడవిలో ఎన్ని జంతువులు కనబడ్డాయో ఎవరైనా చెబుతారు. మనకు కనబడినవి ఉన్నవాటిలో ఎన్నో వంతు? ఆ వంతు తెలియకుండా వేసిన లెక్కతో రెండు అడవుల్ని పోల్చలేం, ఒకే అడవిని రెండేళ్ల తేడాతోనూ పోల్చలేం. నల్లమలను దగ్గర పెట్టుకుని చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి 1983లో టైగర్ రిజర్వ్ అయింది. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అవతలి భాగం తెలంగాణలో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌గా నిలిచింది. 2018 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 48, తెలంగాణలో 26 పులులు. 2022లో అవి 63, 21. ఈ అంకెలు చూసి ఒకరు మురిసిపోవడం, ఇంకొకరు కుంగిపోవడం కంటే ముందు వాటి వెనక ఏం కొలిచారో తెలుసుకోవాలి.

ఒకప్పుడు కొలిచింది అడుగుజాడ. 1966లో ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి తెచ్చిన పద్ధతి అది. పులి వెనక కాలి అచ్చు మీద గాజు పలక పెట్టి గీసుకోవడం, తర్వాత గీతల్ని పోల్చి ఎన్ని పులులో చెప్పడం. 1972లో దేశమంతా లెక్కపెట్టి 1,827 అన్నది ఇలాగే. చిక్కేమిటంటే, ఒకే పులి మెత్తటి దుమ్ములో ఒకలా, తడి ఇసుకలో ఒకలా, వాలు మీద మరోలా అచ్చు వేస్తుంది. గీసే చెయ్యి మారితే గీతా మారుతుంది. అన్నిటికంటే పెద్ద లోపం, తప్పిపోయినవి ఎన్నో చెప్పే దారే అందులో లేదు. 2004-05లో రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులు మొత్తంగా పోయాయని బయటపడ్డాక ఆ పద్ధతిని పక్కన పెట్టారు. అడుగుజాడ ఇప్పటికీ పనికొస్తుంది. కెమెరా ఎక్కడ కట్టాలో చెప్పేది అదే.

కెమెరా దగ్గర్నుంచి మొదలుపెడదాం. అడవి మ్యాపు మీద 2 చదరపు కి.మీ. గళ్లు గీస్తారు, అంటే ఒక్కో గడి ప్రతి వైపూ సుమారు 1.41 కి.మీ. ఒక్కో గడిలో ఒక జత కెమెరాలు. గడి మధ్యలోనే కట్టాలని లేదు, ఆ గడిలో పులి నడిచే అవకాశం ఎక్కడ ఎక్కువో అక్కడ కట్టాలి. అందుకే ముందుగా ప్రతి బీటులో, అంటే ఒక ఫారెస్ట్ గార్డు చూసుకునే అడవి ముక్కలో, కనీసం 15 కి.మీ. నడిచి అడుగులు, పెంట, చెట్టు మీద గోటి గీతలు, నేల గీరిన చోట్లు నమోదు చేస్తారు. పులి బద్ధకంగా, మెత్తటి దారిన నడిచే జంతువు. బండి బాట, ఎండిన వాగు, రెండు దారులు కలిసే చోటు దానికి ఇష్టం. కొత్తవాళ్లు అన్ని కెమెరాల్నీ నీటి గుంటల దగ్గర కడతారు. ఫొటోలు బోలెడు వస్తాయి, పనికొచ్చేవి తక్కువ. ఎండాకాలంలో పులి నీళ్లలో కూర్చుంటుంది, తల తప్ప డొక్క కనబడదు. మనకు కావలసింది డొక్క.

పులి ఎడమ డొక్క మీద చారలు వేరు, కుడి డొక్క మీద వేరు. అందుకే బాటకు రెండు వైపులా చెరో కెమెరా. బాట మధ్య నుంచి ఒక్కోటి 3.5 నుంచి 4 మీటర్ల దూరం, నేల నుంచి 30 నుంచి 45 సెం.మీ. ఎత్తు. మరీ దగ్గరైతే తోకో తలో తెగిపోతుంది, మరీ దూరమైతే రాత్రిపూట చారలు మసకబారతాయి. రెండూ సరిగ్గా ఎదురెదురుగా ఉంటే ఒకదాని ఫ్లాష్ రెండోదాని ఫొటోను తెల్లగా కాల్చేస్తుంది, కాబట్టి ఒకదాన్ని కాస్త పక్కకు జరపాలి. కట్టాక ఒకరు చేతులూ మోకాళ్ల మీద ఆ బాటన పాకి చూడాలి. నిలబడి నడిచి చూస్తే సెన్సర్ మన ఛాతీని పట్టుకుంటుంది, పులి వీపు ఎత్తులో పనిచేస్తుందో లేదో తెలియదు. ముందున్న గడ్డి జానెడు ఎత్తున్నా కోసెయ్యాలి. ఏప్రిల్‌లో వేడి గాలికి ఊగే గడ్డి ఒక్క రోజులో వేల ఖాళీ ఫొటోలు తీయించి బ్యాటరీని తినేస్తుంది. ఈ కెమెరాల సెన్సర్ జంతువు ఒంటి వేడికీ వెనకున్న నేల వేడికీ తేడాను పట్టుకుంటుంది. మిట్టమధ్యాహ్నం బండ కూడా ఒంటిలాగే కాలుతుంటే జంతువు నడిచి వెళ్లినా అది మేలుకోకపోవచ్చు. సర్వేను జనవరి నుంచి ఎండలు ముదరకముందే ముగించుకోవడానికి ఇదొక కారణం.

ఎక్కువ నష్టం చేసే పొరపాటు మాత్రం చాలా చిన్నది. గడియారం. బ్యాటరీ మార్చినప్పుడు కొన్ని కెమెరాల్లో తేదీ, సమయం మొదటికి వచ్చేస్తాయి. ఎడమ కెమెరాలో ఉదయం 5:12కి, కుడి కెమెరాలో అదే క్షణానికి పులి పడితే ఆ రెండు డొక్కలూ ఒకే పులివని ముడివేస్తాం. గడియారాలు తప్పితే ఆ ముడి తెగిపోతుంది. ఒక పులి ఎడమ ఫొటోతో ఒకటిగా, కుడి ఫొటోతో ఇంకొకటిగా రెండుసార్లు లెక్కలోకి వచ్చే ప్రమాదం ఉంటుంది. జత కుదరనప్పుడు రెండు వైపుల్నీ కలపకూడదు, ఎక్కువ పులులు దొరికిన ఒక్క వైపునే తీసుకోవాలి. అందుకే మెమరీ కార్డు మార్చిన ప్రతిసారీ ఒక పలక మీద గడి నంబరు, తేదీ, చేతి గడియారంలోని సమయం రాసి రెండు కెమెరాల ముందూ పట్టుకుని ఫొటో తీయాలి. నిమిషం కూడా పట్టదు. తర్వాత గడియారం తప్పినా ఆ ఫొటోతో సరిచేసుకోవచ్చు.

కెమెరాలు కనీసం 25 రోజులు ఉంచుతారు. ఫొటోల్ని జాతుల వారీగా వేరుచేయడానికీ, చారల్ని పోల్చడానికీ సాఫ్ట్‌వేర్లున్నాయి. అవి పోలికున్న ఫొటోల్ని ముందుకు తెచ్చి పెడతాయి, చివరి మాట మనిషి కంటిదే. తొడ మీద రెండుగా చీలిన చార, పక్కటెముకల వెనక మూసుకోని ఉంగరంలాంటి చార, భుజం మీద పక్కపక్కనే ఉన్న రెండు పొట్టి గీతలు, ఇలా కనీసం మూడు చోట్ల కలిస్తేనే ఒకే పులి అనుకోవాలి. నడుస్తున్నప్పుడు చర్మం సాగి చారల మధ్య ఎడం మారుతుంది, కాబట్టి ఎడాన్ని కాకుండా చార ఆకారాన్ని, వరసను చూడాలి. ఇద్దరు విడివిడిగా చూసి, తేడా వచ్చిన వాటిని కలిసి కూర్చుని తేల్చుకోవాలి. ఏడాది లోపు పిల్లల్ని లెక్కలో చేర్చరు.

కనబడని వాటి వాటా ఇక్కడే బయటపడుతుంది. మొదటి విడతలో 12 పులులు పడ్డాయనుకుందాం. రెండో విడతలో 15 పడ్డాయి, వాటిలో 9 మొదటిసారి చూసినవే. రెండో విడతలో పాతవి 15కి 9, అంటే 60 శాతం. మొదటి విడతలో చూసిన 12 కూడా మొత్తంలో 60 శాతమే అయి ఉండాలి. అప్పుడు మొత్తం 20. మనం విడివిడిగా చూసినవి 18, చూడనివి రెండు. నిజంగా వాడే పద్ధతి ఇంతకంటే లోతైనది. ఏ పులి ఏ కెమెరా దగ్గర ఎన్నిసార్లు పడిందో దాన్ని బట్టి అది తిరిగే నేల ఎంతో అంచనా వేసి, 100 చదరపు కి.మీ.కి ఎన్నో చెబుతారు. మూలసూత్రం మాత్రం ఈ మూడంకెల్లోనే ఉంది. వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ కర్ణాటకలోని నాగరహొళెలో పులుల మీద దీన్ని చేసి చూపించి, 1995లో ప్రచురించారు.

ఈ లెక్క నిలవాలంటే సర్వే రోజుల్లో పులులు పుట్టడం, చావడం, వలస పోవడం దాదాపు లేవనుకోవాలి. అందుకే నెలల తరబడి కెమెరాలు ఉంచి అంతా ఒకే విడత అనకూడదు. మ్యాపు మీద ఖాళీ గడులూ ఉండకూడదు. ఒక ఆడపులి తిరిగే నేల మొత్తం ఆ ఖాళీలో ఇమిడిపోతే, దానికి కెమెరాలో పడే అవకాశమే సున్నా. ఏ గణితమూ దాన్ని వెనక్కి తేలేదు. ఒక కెమెరా 10వ రోజున చచ్చి 18వ రోజున బతికితే ఆ ఎనిమిది రోజులు అది పనిచేయలేదని రాసుకోవాలి. రాయకపోతే లెక్క ఆ రోజుల్ని ‘పులి రాలేదు’ అని చదువుకుంటుంది.

పులి కంటే నాకు ముఖ్యమనిపించేది దాని తిండి. ఒక పులి ఏడాదికి సుమారు 50 పెద్ద జంతువుల్ని చంపుతుంది. మంద తగ్గకుండా పులి తీసుకోగలిగేది పదిలో ఒక వంతు అనుకుంటే, ఒక్క పులి వెనక 500 దుప్పులో, కణుజులో, అడవి పందులో ఉండాలి. వాటి లెక్క తెలియకుండా పులుల అంకె ఒక్కటే చెప్పడం, సరుకు చూడకుండా పద్దు రాయడమే. వీటిలో చాలావాటికి చారలు లేవు, ఒకదాన్నుంచి ఇంకొకదాన్ని వేరుగా గుర్తుపట్టలేం. వాటిని గీత మీద నడిచి లెక్కపెట్టాలి.

దీన్ని లైన్ ట్రాన్సెక్ట్ అంటారు. అడవిలో సాధారణంగా 2 కి.మీ. పొడవున తిన్నటి గీత. దాన్ని మ్యాపు మీద ముందే నిర్ణయించాలి. దారి బాగుందని జీపు రోడ్డునే గీత చేసుకుంటే కొలిచేది రోడ్డు పక్కన మేసే దుప్పుల్ని, అడవిని కాదు. మూడు వేర్వేరు ఉదయాలు, తెల్లవారగానే మొదలుపెట్టి గంటకు 2 కి.మీ. మించకుండా నడవాలి. ఇద్దరు మనుషులు, ఒక కంపాస్, దూరం కొలిచే ఒక లేజర్ రేంజ్‌ఫైండర్, ఒక కాగితం. అటవీ శాఖ వాడే ఎం-స్ట్రైప్స్ యాప్‌లో నమోదు చేస్తున్నా కాగితం ఉండాలి. లోతట్టు అడవిలో ఫోను చార్జింగు అయిపోతే ఆ ఉదయమంతా పోతుంది.

ఒక్క మందను దగ్గరగా చూద్దాం. గీత సరిగ్గా తూర్పుకు, అంటే 90 డిగ్రీలకు వెళుతోంది. కుడి చేతి వైపు నల్లమద్ది చెట్ల మధ్య ఆరు దుప్పులు కనబడ్డాయి. ఆగాలి. మంద నడిమి చోటు ఎక్కడో కళ్లతో పట్టుకుని, దాని పక్కనున్న చెట్టు మొదలుకు లేజర్ గురిపెట్టాలి. జంతువు మీదికే గురిపెడితే మధ్యలోని కొమ్మకు తగిలి 19 మీటర్లని అబద్ధం చెప్పవచ్చు. మూడుసార్లు కొలిస్తే రెండు 48 అన్నాయి, ఒకటి 22 అంది. 48 రాసుకున్నాం. కంపాస్ ఆ చెట్టు వైపు 120 డిగ్రీలు చూపించింది. గీతకు కోణం 30. దాని సైన్ విలువ సగం, కాబట్టి గీతకు ఆ మంద 24 మీటర్ల లంబ దూరంలో ఉంది. ఆ 24 కోసమే ఈ తతంగమంతా. ఈలోపు దుప్పులు పరుగెత్తినా ఫరవాలేదు, మొదట చూసిన చోటే లెక్క. పరుగెత్తి ఆగిన చోటుకు కొలవడం కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు.

ఇలా వందల మందల దూరాలు పేర్చితే, గీతకు దగ్గరివి ఎక్కువ, దూరం పెరిగేకొద్దీ తక్కువ కనబడుతున్నట్టు గ్రాఫు మీద ఒక వంపు వస్తుంది. దూరంగా దుప్పులు తగ్గిపోలేదు, మన కన్ను తగ్గింది. ఆ వంపే మనం తప్పిపోయినవాటి కొలత. ఊహా లెక్క ఒకటి చూడండి. 30 గీతలు, ఒక్కోటి 2 కి.మీ., మూడు రోజులు, మొత్తం 180 కి.మీ. నడక. కనబడినవి 60 మందలు. వంపును బట్టి మనం నిజంగా చూసినట్టు లెక్కకొచ్చే వెడల్పు గీతకు చెరో వైపు 50 మీటర్లు. అంటే చూసిన నేల 18 చదరపు కి.మీ. చదరపు కి.మీ.కి 3.3 మందలు, మందకు సగటున నాలుగైతే సుమారు 13 దుప్పులు. ఇదే అడవిలో దూరాలు కొలవకుండా, చెరో వైపు 100 మీటర్ల దాకా అన్నీ కనబడ్డాయని అనుకుంటే అంకె ఏడు దాటదు. అడవి అదే, నడక అదే, జవాబు సగం.

తప్పులు జరిగే చోట్లు కూడా ఈ వంపే చూపిస్తుంది. దూరాన్ని కంటి అంచనాతో రాసేవాళ్ల కాగితంలో 20, 30, 50 అంకెలే కుప్పపడతాయి, 37 కనబడదు. కోణం ఐదు డిగ్రీలుంటే ‘నేరుగా ముందే’ అని సున్నా వేస్తారు. అప్పుడు గీత మీదే మందలు పోగుపడి, వంపు నిలువుగా పడిపోయి, వెడల్పు కుంచించుకుపోయి, దుప్పుల సంఖ్య ఉబ్బిపోతుంది. దీనికి ఎదురు తప్పు నల్లమలకు బాగా అనుభవం. ఫిబ్రవరి, మార్చిలో టేకు ఆకు రాలి నేలంతా అప్పడాల్లా ఉంటుంది. ప్రతి అడుగూ వంద మీటర్ల దాకా వినబడుతుంది. గీత మీదున్న దుప్పి మనం చూడకముందే పక్కకు తప్పుకుంటుంది. గీత మీదున్న ప్రతి జంతువూ కనబడుతుందన్నది ఈ పద్ధతికి పునాది, ఆ పునాదే కదిలిపోతుంది. మందు ఒకటే. నడకకు ముందురోజుల్లో గీత పొడవునా అడుగు వెడల్పున ఆకు ఊడ్చి ఉంచడం. చెట్లు కొట్టక్కర్లేదు, కొట్టకూడదు కూడా. వెలుగొస్తే గడ్డి మొలిచి దుప్పులు అక్కడికే చేరతాయి.

ఒక్కో జాతికి వంపు నమ్మకంగా గీయాలంటే 60 నుంచి 80 సార్లు కనబడాలి, కనీసం 40. చుక్కల దుప్పికి ఇది కుదురుతుంది. నాలుగు కొమ్ముల కొండగొర్రెకు చాలా చోట్ల కుదరదు, అది ఒంటరిగా పొదలో కదలకుండా నిలబడుతుంది. అప్పుడు పెంటికల లెక్కే ఆధారం. గీతకు అడ్డంగా 2 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవు పట్టీలో ఎన్ని కుప్పలున్నాయో చూస్తారు. ఇందులో మేకల పెంటికలు కలిసిపోయే ప్రమాదం ఉంది. గూడేలకు దగ్గర్లోని పట్టీల్లో మరీ జాగ్రత్త.

అడవి స్థితిని ఇదే గీత మీద ప్రతి 400 మీటర్లకు ఆగి రాసుకుంటారు. 15 మీటర్ల వ్యాసార్ధంలో ఏ చెట్లు, ఏ పొదలు. మీటరు వ్యాసార్ధంలో నేల మీద ఎంత గడ్డి, ఎంత ఎండుటాకు, ఎంత బోడి నేల. కొమ్మల నరుకుడు, పశువుల మేత, కాలిన గుర్తులు. లాంటానా, వయ్యారిభామ లాంటి కలుపు మొక్కలు పాకిన చోట గడ్డి తగ్గి, ఆ పక్క పట్టీలో దుప్పి పెంటికలూ తగ్గితే, పులి ఎందుకు రాలేదో తెలిసిపోతుంది. విసుగు పుట్టించే పనే, దాటెయ్యాలనిపిస్తుంది. దాటేస్తే ‘పులులు తగ్గాయి’ అనడం తప్ప ఎందుకో చెప్పలేం, అటవీ శాఖకు చెయ్యాల్సిన పని సూచించలేం.

నల్లమలలో పొద్దున్నే నడిచేవాళ్లు ఎక్కువ భయపడాల్సింది ఎలుగుబంటికి. పొద నుంచి నాలుగడుగుల దూరంలో లేస్తుంది, హెచ్చరించదు. ఒంటరిగా ఎవరూ నడవకూడదు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు తప్పనిసరి. చెంచు ట్రాకర్ ముందు నడుస్తున్నప్పుడు ఆయన ఆగితే ఆగాలి, ఎందుకని తర్వాత అడగొచ్చు. పెంట ఎన్నాళ్లదో, అడుగు రాత్రిదో తెల్లవారుజాముదో చెప్పే చూపు వాళ్లది. ఆ చూపు మీద నిలబడ్డ నివేదికల్లో వాళ్ల పేర్లు ఉండకపోవడం అన్యాయం. కూలి పద్దులో పేరు రాసి, రచయితల వరసలో రాయకపోవడం ఇకనైనా మానాలి.

ఈ దారిలోకి రావాలంటే జువాలజీ, బాటనీ, ఫారెస్ట్రీ, వెటర్నరీ ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. సిద్దిపేట జిల్లా ములుగులోని ఫారెస్ట్ కాలేజీ తెలంగాణవాళ్లకు దగ్గర. ఆపైన డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లోనో, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీబీఎస్‌లోనో వన్యప్రాణి ఎమ్మెస్సీ చేయవచ్చు. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. పెంట నుంచి డీఎన్‌ఏ తీసే పని మీద ఆసక్తి ఉంటే హైదరాబాద్‌లోనే సీసీఎంబీ వారి వన్యప్రాణి ప్రయోగశాల లాకోన్స్ ఉంది. ముందుగా నేర్చుకోవాల్సినవి గణాంకాలు, లెక్కలకు ఆర్ ప్రోగ్రామింగ్, మ్యాపులకు క్యూజీఐఎస్. ఏడాదిలో మూడు నాలుగు నెలలే అడవి, మిగతాదంతా ఫొటోలు, పట్టికలు, రాత. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె అదనం. ప్రాజెక్టు ఉద్యోగాలు చాలావరకు కాంట్రాక్టువే, ప్రాజెక్టుతోపాటే ముగుస్తాయి. ఇంట్లోవాళ్లకు ఇది ముందే చెప్పి ఒప్పించుకోవడం మంచిది.

ఇక అనుమతి. అభయారణ్యంలో అధ్యయనానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. దరఖాస్తులో ఏ రేంజి, ఏ బీట్లు, ఎన్ని కెమెరాలు, ఎంతమంది, ఏ తేదీలు అన్నీ ఉండాలి. ‘నల్లమలలో క్షీరదాల అధ్యయనం’ అని ఒక్క ముక్క రాసి పంపితే ప్రశ్నలతో తిరిగొస్తుంది. ఫైలు కదలడానికి నెలలు పడుతుంది, కెమెరాలు తెప్పించుకోవడానికి ఇంకొంత. జనవరిలో మొదటి గీత మీద నడవాలంటే దరఖాస్తు వానాకాలంలోనే పడాలి.